నిన్నటి ధర

బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. చీటీలమ్మాయి తడిగుడ్డ తీసి, తిరగేసి, మళ్లీ నుదుటి మీద వేసింది. కిటికీ దగ్గరికి పోయి వీధిలోకి తొంగి చూసింది. అత్త ఇంకా రాలేదు. కిరసనాయిలు వరసలో నిలబడటానికి చీకటితోనే వెళ్లింది ఆవిడ. కింది వాటాలో కుట్టుపనామె ఉండి ఉంటే బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి పోయేదే. ఆమె కూడా అదే వరసలో ఉంది.

సరుకుల కొట్టులో యజమాని తన కోసం గుమ్మంలో నిలబడి ఉంటాడు. నిన్న కొట్టు కట్టేసేటప్పుడు ఆయన ఒకటికి పదిసార్లు చెప్పాడు, పొద్దున్నే రావాలని, సర్కారు ధరల మీద ఏదో పిడుగు వేయబోతోందని అందరూ అనుకుంటున్నారని, ఆ పిడుగు పడేలోపు అన్ని అరల మీదా కొత్త చీటీలు ఎక్కిపోవాలని. ఆ కొత్త చీటీలు ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి. బిడ్డకు నలతగా ఉందని, ఇంట్లో కూర్చుని రాసుకొస్తానని ఆమే అడిగి తెచ్చుకుంది.

ధరలు రోజుకొక మెట్టు ఎక్కుతున్న రోజులవి. సాయంత్రం యజమాని కొత్త ధరలు చదువుతాడు, ఆమె లావుపాటి కలంతో చీటీల మీద రాస్తుంది, మర్నాడు పొద్దున అతికిస్తుంది. అంకెలు గుండ్రంగా, దూరానికి కూడా కనపడేలా వేస్తుంది. బడి మానేసినా చేతిరాత మాత్రం మానలేదు. మొదట్లో పాత చీటీని బ్లేడుతో గీకి, తడిబట్టతో తుడిచి, ఆ తర్వాతే కొత్తది పెట్టేది. ఇప్పుడంత తీరిక లేదు. చీటీ మీద చీటీ పడి పడి, పళ్లు వచ్చే ముందు పసిపిల్లల చిగుళ్లలా అరల అంచులు ఉబ్బిపోయాయి.

అత్త ఖాళీ డబ్బాతో మెట్లెక్కి వచ్చేసరికి ఎండ గోడ దిగింది. కిరసనాయిలు దొరకలేదు గానీ వార్త దొరికిందని, రాత్రి రేడియోలో సర్కారు ధరలన్నీ కట్టేసిందని చెబుతుంటే చీటీలమ్మాయి పూర్తిగా వినకుండానే చెప్పులు వేసుకుని పరుగెత్తింది.

కొట్టు గుమ్మంలో యజమాని నిలబడి లేడు. లోపల అరల ముందు ఇద్దరు సర్కారు మనుషులున్నారు. ఒకతను మెడలో కెమెరా వేసుకుని ఒక్కో అర దగ్గరా ఆగి ఫొటో తీస్తున్నాడు. రెండో ఆయన అతని పక్కనే నడుస్తూ ధరలు పైకి చదువుతున్నాడు. పిండి, చక్కెర, నూనె, పాలపొడి. అన్నీ నిన్నటి ధరలే. ఈ పొద్దున ఏ సరుకు మీద ఏ ధర కనపడితే ఇక మీదట అదే ధర అని సర్కారు ఆజ్ఞ. ఒక్క పైసా పెంచినా కొట్టుకు తాళం పడుతుంది. జీతాలకూ అదే కట్టు. ఎవరిది ఎక్కడుంటే అక్కడే.

యజమాని గల్లా వెనక కూర్చుని ఉన్నాడు. వేళ్ల నిండా సిరా. ఈమె కోసం చూసి చూసి తానే రాయడం మొదలుపెట్టినట్టున్నాడు. ఆయనకు చెయ్యి వణుకుడు. సబ్బులూ అగ్గిపెట్టెలూ మాత్రమే కొత్త ధరకు ఎక్కాయి, వంకరటింకర అంకెలతో. అంతలో వీళ్లు వచ్చేశారు.

ఆమె సంచిని వెనక్కి దాచుకుని నిలబడిపోయింది. ఆయన ఆమెకేసి ఒక్కసారి చూసి, తల తిప్పుకుని, వేళ్లకున్న సిరా రుద్దుకోవడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.

*

మధ్యాహ్నమయ్యేసరికి ఊరంతా తెలిసిపోయింది. పక్క వీధి కొట్లవాళ్లు రాత్రికి రాత్రే చీటీలు మార్చుకున్నారు. వాళ్ల ధరలు పైన కట్టుబడ్డాయి. ఈ ఒక్క కొట్టులోనే నిన్నటి ధర. జనం చీమల్లా వచ్చిపడ్డారు. సంచులు, బుట్టలు, దిండు గలీబులు కూడా పట్టుకొచ్చారు. ఆడవాళ్లు చీటీలమ్మాయి చెయ్యి పట్టుకుని నీ కడుపు చల్లగుండాలని దీవించారు. రేపు కూడా ఇలాగే ఆలస్యంగా రా తల్లీ అని ఒకావిడ అంటే వరసంతా నవ్వింది. యజమాని నవ్వలేదు. ఇచ్చిన డబ్బు తీసుకుని, చిల్లర లెక్కపెట్టకుండానే తిరిగిస్తున్నాడు.

ఆమె డబ్బాలు దించి అందిస్తూనే ఉంది. పాలపొడి అర ఖాళీ అవుతుండటం కళ్లారా చూస్తూనే ఉంది. తనకొకటి పక్కన పెట్టుకుందామన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున జరిగినదాని తర్వాత ఆయన మొహం చూసి అడగడానికి నోరు రాలేదు. రేపు అడుగుదాంలే, మన కొట్టే కదా అనుకుంది. సాయంత్రానికి కొట్టులో సబ్బులూ అగ్గిపెట్టెలూ మిగిలాయి.

ఆ రేపు రానే లేదు. టోకు వ్యాపారి ధర చీటీ మీది ధర కన్నా ఎక్కువ. తెచ్చి అమ్మితే డబ్బా డబ్బాకూ చేతి చమురు వదులుతుంది. సరుకు తేవడం మానేశానని యజమాని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు, ఆమెకూ అదే చెప్పాడు. వెనక గదికి తాళం వేసి తాళంచెవి నడుముకు కట్టుకున్నాడు. ఎలకలు తిరుగుతున్నాయి, తలుపు తీస్తే ముందుకొస్తాయి అన్నాడు. చీటీలమ్మాయి పొద్దున్నే వెళ్లి ఖాళీ అరలు తుడిచేది. వచ్చినవాళ్లు అర మీది ధర చదివి, అర లోపలికి చూసి, మళ్లీ ఆమె మొహంలోకి చూసేవాళ్లు. దీవించిన నోళ్లే ఇప్పుడు వేళాకోళం మొదలెట్టాయి. ఈ అంకె ఎంత బాగా రాశావే, వేయించుకుని తింటే బాగుంటుంది అంది ఒకావిడ.

ఇంట్లో పాలడబ్బా అడుగంటింది. అత్త చెంచాతో గోడలు గీకి, డబ్బాలో వేణ్ణీళ్లు పోసి కడిగి, ఆ తెల్లనీళ్లు సీసాలో పోసింది. బిడ్డకు జ్వరం దిగింది గానీ ఆకలి పెరిగింది. పట్టిన నీళ్లపాలు తాగేసి సీసా కోసం మళ్లీ చేతులు చాస్తోంది. చీటీలమ్మాయికి పాలు ఎప్పుడో ఎండిపోయాయి. బిడ్డ తండ్రి లారీ డీజిలు దొరక్క ఎక్కడో దారిలో ఆగిపోయింది, డబ్బూ రాలేదు, కబురూ రాలేదు. పక్క వీధి కొట్టులో పాలపొడి ఉంది. ఆ ధర పెడితే ఇక నెలాఖరుదాకా ఇంట్లో ఎవరూ ఏమీ తినక్కర్లేదు.

"మీ కొట్టులో చవకేనటగా," అంది అత్త సీసా ఆడిస్తూ. "వచ్చేటప్పుడు ఆ చీటీ చించుకురా. నీళ్లలో నానబెట్టి పిల్లకు పట్టేద్దాం."

చీటీలమ్మాయి ఖాళీ డబ్బాకు మూత పెట్టింది. ఆలస్యంగా వెళ్లినందుకు కొట్టులో మాట పడాలి, చవక చేసినందుకు వీధిలో మాట పడాలి, తేలేనందుకు ఇంట్లో మాట పడాలి. అన్నీ ఒక్క పొద్దున చేసిన పాపమే.

ఆ సాయంత్రం కింది వాటా కుట్టుపనామె కాగితం పొట్లం పట్టుకుని పైకి వచ్చింది. ఆమె కొడుక్కీ అదే పాలపొడి. వాడి డబ్బాలోంచి రెండు చెంచాలు కట్టుకొచ్చింది. మొహమాటపడితే, తీసుకో వదినా, మావాడు రాత్రిపూట నీళ్లిచ్చినా పాలనుకుని తాగేస్తాడు, మగబుద్ధి అని నవ్వి దిగిపోయింది. కాసేపటికి కింద మిషన్ చప్పుడు మొదలైంది. ఎవరివో జేబురుమాళ్లకు అంచులు కుడుతోంది. ఆ చప్పుడు వింటూ చీటీలమ్మాయి పొట్లం విప్పి, మడతల్లో ఇరుక్కున్న పొడిని కూడా గోటితో తట్టి సీసాలోకి దులిపింది.

*

మర్నాడు యజమాని ఆమెను గల్లా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఇన్నాళ్లలో ఎప్పుడూ కూర్చోబెట్టలేదు.

సర్కారుకు అర్జీ పెట్టుకున్నానని చెప్పాడు. తన కొట్టు ధరలు పొరపాటున కిందపడ్డాయని, సరిచేయమని. విచారించడానికి అధికారి వస్తున్నాడు. రావడం రావడం ఆమెనే అడుగుతాడు. చీటీలు అతికించేది ఎవరంటే ఆమే కదా. ఆమె చెప్పాల్సింది చిన్న మాట. ఆ రోజు పొద్దున్నే వచ్చి కొత్త చీటీలు పెట్టేశానని, జనం తోసుకొచ్చి పీకేశారని, కింది చీటీలు బయటపడ్డాయని.

"అబద్ధం కాదే అమ్మాయ్," అన్నాడాయన, ఆమె మొహం చూసి. "కొత్త చీటీలు నువ్వు రాశావా లేదా? రాశావు. అతికించడం ఒక్కటే తరువాయి."

ఆమె తన చేతివేళ్లు చూసుకుంది. గోళ్ల సందుల్లో ఎండిన జిగురు.

"నాకు మాత్రం సరదానా," అన్నాడు ఆయనే మళ్లీ. నష్టానికి అమ్మి ఎన్నాళ్లు కొట్టు తెరిచి ఉంచగలనన్నాడు. ధర సరిపడితే సరుకు తెప్పిస్తాడు. మొదటి పాలడబ్బా ఆమెదే, పాత ధరకే, కట్టు ఉన్నన్నాళ్లూ. ధర సరిపడకపోతే కొట్టు మూసేస్తాడు. అప్పుడు ఆమెకు జీతమూ ఉండదు, డబ్బా ఉండదు. ఇదంతా బెదిరింపులా చెప్పలేదు. అలిసిపోయినవాడిలా చెప్పాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నానమ్మాయ్ అన్నాడు. ఆమెకు ఆయన మీద జాలి కలిగింది. అందుకే తల ఊపింది. జాలి ఒక్కటే కాదు. డబ్బా అన్న మాట చెవిన పడగానే ఆమె తల దానంతట అదే ఊగింది.

ఇంటికి పోయేదాకా ఆ మాటే లోలోపల వల్లె వేసుకుంది. పొద్దున్నే వచ్చాను, పెట్టేశాను, పీకేశారు. పీకేశారు అనేచోట ప్రతిసారీ ఎవరో ఒకరి మొహం కళ్లముందుకొచ్చేది. దీవించినావిడ, వరసంతా నవ్వించినావిడ, పొట్లం కట్టుకొచ్చిన కుట్టుపనామె. ఎవరు పీకారని అడిగితే ఎవరి పేరు చెప్పాలో యజమాని చెప్పలేదు. జనం అంటే సరిపోతుందా? జనం అంటే వీళ్లే కదా.

ఇంట్లో అత్త బిడ్డకు పిండి జావ పలచగా కాచి పట్టబోతే అది మొహం తిప్పేసి, ఏడ్చి ఏడ్చి, సొమ్మసిల్లి నిద్రపోయింది. దాని చెంప మీద ఎండిన జావ చారను తుడుస్తూ, ఇక యజమాని చెప్పమన్నట్టే చెప్పేస్తానని ఆమె గట్టిగా అనుకుంది.

*

అధికారి నడి వయసు మనిషి. చెమట తుడుచుకుంటూ, మెత్తగా మాట్లాడుతూ వచ్చాడు. ఆయన వస్తున్నాడని ఎలా తెలిసిందో, గుమ్మం బయట ఆడవాళ్లు గుంపుగా చేరారు. లోపలికి రావద్దని యజమాని చెప్పాడు. చెవులను ఆపలేకపోయాడు.

ఆయన అరల వెంట నడిచాడు. పాలపొడి అర దగ్గర ఆగి, ఉబ్బిన చీటీల దొంతరను బొటనవేలితో నొక్కి చూశాడు. పై చీటీ అంచును గోటితో లేపాడు. కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. ఎన్ని పొరలమ్మా ఇవి అని తనలో తాను అనుకున్నట్టుగా నవ్వాడు. చీటీలమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. లోలోపల వల్లె వేసుకుంటోంది. పొద్దున్నే వచ్చాను, పెట్టేశాను.

కానీ ఆయన ముందు ఆమెను అడగలేదు. యజమాని దగ్గరికి వెళ్లి, గల్లా మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించాడు. తగ్గించినా ఖాళీ కొట్టు కదా, ప్రతి మాటా అరలకు తగిలి మోగింది. కూతురు పురిటికొచ్చిందట. పసివాడికి పాలపొడి ఎక్కడా దొరకడం లేదట. ఒక్క డబ్బా ఉంటే చూడమన్నాడు.

యజమాని నడుముకున్న తాళంచెవి విప్పి వెనక గదిలోకి వెళ్లాడు. అట్టపెట్టె చింపిన చప్పుడు వినపడింది. డబ్బాతో తిరిగొచ్చి, చేతిరుమాలుతో దుమ్ము తుడిచి, గల్లా మీద పెట్టి, నవ్వాడు.

చీటీలమ్మాయి ఆ డబ్బాను చూసింది. అదే రంగు, అదే మూత. ఇన్నాళ్లూ తాను తుడిచిన ఖాళీ అరకు గోడ అవతల అది కూర్చుని ఉంది. అత్త డబ్బా కడిగి నీళ్లు పట్టిననాడూ అక్కడే ఉంది. కుట్టుపనామె పొట్లం కట్టుకొచ్చిననాడూ అక్కడే ఉంది.

అధికారి డబ్బాను చంకలో పెట్టుకుని ఇటు తిరిగాడు.

"ఆ, చెప్పమ్మా. ఆ రోజు పొద్దున ఈ అర మీద ఏ ధర ఉంది?"

"ఇప్పుడున్నదే సార్," అంది ఆమె. "నేను ఆలస్యంగా వచ్చాను. కొత్త చీటీలు నా సంచిలోనే ఉండిపోయాయి."

యజమాని చేతిరుమాలు మడతపెడుతున్నవాడల్లా ఆగాడు. ఆమె ఆయనవైపు చూడలేదు. చూస్తే ఇంకో మాట రాదని తెలుసు. జేబులో మడిచి పెట్టుకున్న డబ్బు తీసి, నిలబడ్డచోటు నుంచే గల్లా వైపు చెయ్యి చాపింది.

"నాకూ ఒక డబ్బా ఇవ్వు బాబాయ్. చీటీ మీదున్న ధరకే."

ఆమె గట్టిగా అనలేదు. అయినా గుమ్మం బయట గుసగుసలు ఠక్కున ఆగిపోయాయి. మరుక్షణంలో ముందు వరసవాళ్లు లోపలికి అడుగుపెట్టారు. ఎవరూ అరవలేదు, తోసుకోలేదు. ఒకరి వెనక ఒకరు వచ్చి గల్లా ముందు నిలబడ్డారు. అధికారి చంకలోని డబ్బాను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. వెళ్లిపోవడానికి దారి లేదు, ఉండటానికి మొహం లేదు. చివరికి ఆయనే యజమానితో అన్నాడు, ఉన్న సరుకు బయట పెట్టేయండి, రాసిన ధరకే ఇచ్చేయండి, నేను చూసి వెళ్తాను అని.

అట్టపెట్టెలు బయటికొచ్చాయి. అనుకున్నన్ని లేవు. యజమాని డబ్బు తీసుకుంటుంటే చీటీలమ్మాయి అలవాటు కొద్దీ గల్లా వెనక్కి వెళ్లి డబ్బాలు అందించసాగింది. ఆయన పెట్టె అంచు చింపుతూ, ఒక్కో డబ్బాకూ ఎంత పోతోందో నీకు తెలీదమ్మాయ్ అన్నాడు. తెలుసు. టోకు ధర చదివితే రాసింది ఆమే. రేపటినుంచి ఈ కొట్టు తెరవడేమో, తెరిచినా తనను రానివ్వడేమో. చేతులు ఆగకుండా అందిస్తూనే ఉన్నాయి. ఎదురుగా వస్తున్న చేతులు ఎవరివో కూడా చూడటం లేదు. పెట్టెలోకి చూస్తోంది. తరుగుతోంది.

తనకివ్వమని అందరికన్నా ముందు అడిగింది తనే. అందించేది తనే కాబట్టి తన చేతికి మాత్రం ఎవరూ అందించడం లేదు. పెట్టె అడుగు కనపడటం మొదలవగానే ఆమె వంగి ఒక డబ్బాను పెట్టెలోంచి తీసింది గానీ పైకెత్తలేదు. కిందికి దించింది. పాదాల మధ్య పెట్టుకుంది. మడిచిన డబ్బును గల్లాపెట్టెలో వేసింది. యజమాని చూశాడు. తర్వాతివాళ్లకు చిల్లర ఇచ్చాడు.

డబ్బాలు అయిపోయాయి. దొరకనివాళ్లు కాసేపు నిలబడి, గొణుక్కుని, ఒకరొకరే వెళ్లిపోయారు. అధికారి వాళ్ల వెనకే తలొంచుకుని వెళ్లాడు. అర్జీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అప్పుడొచ్చింది కుట్టుపనామె. చంకలో కొడుకు, వేలికి ఇంకా కుట్టుతొడుగు, భుజం మీద దారప్పోగులు. ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడింది. సగం కుట్టిన బట్ట వదిలేసి వచ్చానని, ఎవరో ఇప్పుడే చెప్పారని అంది.

"ఒక్కటన్నా ఉందా వదినా?"

చంకలో పిల్లాడు తన పిడికిలి తానే చీకుతున్నాడు. చీటీలమ్మాయి పాదాలు డబ్బాకు రెండువైపులా బిగుసుకున్నాయి. రేకు చల్లగా తగిలింది.

"అయిపోయాయి వదినా."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

కుట్టుపనామె చిరిగిన అట్టపెట్టెల వైపు చూసింది. గల్లా పక్కకు నాలుగడుగులు వేసి ఉంటే డబ్బా కనపడేది. యజమాని కూర్చున్నచోటు నుంచి లేవకుండానే కాలు చాపి, ఒక ఖాళీ పెట్టెను మెల్లగా నెట్టాడు. అది జరుగుతూ వచ్చి చీటీలమ్మాయి పాదాలకు అడ్డంగా ఆగింది.

"పోనీలే," అంది కుట్టుపనామె పిల్లాణ్ని పైకి ఎగదోసుకుంటూ. "నీకైనా దొరికిందా?"

చీటీలమ్మాయి లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అధికారి ముందు రాని అబద్ధం వరసగా వచ్చేస్తోంది. అయ్యో అంది కుట్టుపనామె. మన ఖర్మ ఒక్కటే వదినా అని, వెనుదిరిగి వెళ్లిపోయింది.

కొట్టులో ఇద్దరే మిగిలారు. యజమాని గల్లాపెట్టె మూశాడు. మొదట్లో ఎలా మాట్లాడేవాడో అలాగే మాట్లాడాడు.

"రేపు పెందలాడే రా అమ్మాయ్."

ఆమె డబ్బాను సంచి అడుగున పెట్టి, పైన తుడిచే బట్టలు కప్పి, ఎండ తగ్గకముందే బయల్దేరింది. వీధి మలుపు తిరిగాక నడక నెమ్మదించింది. ఇంటి ముందుకు వచ్చి గోడ పక్కన ఆగిపోయింది. కింది వాటా తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్లెక్కాలంటే ఆ తలుపు ముందు నుంచే పోవాలి. లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు, కుట్టుపనామె ఏదో చెప్పి ఊరడిస్తోంది. పైనుంచి తన బిడ్డ ఏడుపు కూడా వినపడుతోంది. సంచి పట్టుకున్న చెయ్యి మార్చుకుంది. మళ్లీ మార్చుకుంది.

పిల్లాడి ఏడుపు సన్నగిల్లింది. మిషన్ చప్పుడు మొదలైంది. అంటే తల వంచుకుని కుడుతోంది.

చీటీలమ్మాయి చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, గోడవారగా మెట్లెక్కింది.